వాన రోజు, ముప్పై ఐదు నిమిషాల సెషన్

మంగళవారం రాత్రి.

సాయంత్రం వాన పడితే అమీర్‌పేటలో అంతే. ఐదింటికి కౌన్సెలింగ్‌కి రావాల్సిన మనిషి చేరేసరికి ఐదుంబావు దాటింది. మిగిలింది ముప్పై ఐదు నిమిషాలు. ఇలాంటప్పుడే కౌన్సెలర్లు పుట్టుపూర్వోత్తరాలు అడిగి బోల్తా పడతారు. కుటుంబ చరిత్రకే ఇరవై నిమిషాలు సరి. వచ్చినవాళ్లు ఏడ్చి కాస్త తేలికపడతారు గానీ, చేతికేమీ అందదు.

మళ్లీ వస్తారన్న భరోసా ఏముంది? 1980ల్లో కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థలో సైకాలజిస్ట్ మోషే టాల్మన్ రికార్డులు తిరగేస్తే, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఒక్కసారే వచ్చి ఆగిపోయినవాళ్లు. అలాంటి 200 మందికి ఫోన్ చేస్తే 78 శాతం మంది వచ్చిన పని అయిందన్నారు!

అందుకే మొదటి ప్రశ్న: "ఇవాళ ఏది తేలితే వచ్చినందుకు ఫలితం ఉన్నట్టండీ?" సాధారణంగా "అన్నీ" అంటారు. "ఈ వారం నిద్ర చెడగొట్టిందేది?" అంటే ఒకటి బయటికొస్తుంది. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అన్నది కూడా అప్పుడే సూటిగా అడగాలి. ఉన్నాయంటే ఈ లెక్కంతా పక్కన పెట్టేయాలి. ఇంట్లోవాళ్లను పిలవడం, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపడం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఫోన్‌లో సేవ్ చేయించడం, అంతవరకే ఆ రోజు పని.

ఆ ఆలోచనలు లేవంటే, ఇప్పటిదాకా ఏమేం చేసి చూశారో అడగాలి. కొంచెమైనా పనిచేసింది ఉంచుకోవాలి, పనిచేయనిదాన్ని మళ్లీ సలహాగా ఇవ్వకూడదు.

అసలు సమయం రిహార్సల్‌కి దాచాలి, కనీసం పది నిమిషాలు. మేనేజర్ శనివారాలు కూడా రమ్మంటుంటే కాదనలేకపోతున్నారనుకుందాం. కౌన్సెలర్ మేనేజర్‌గా కూర్చోవాలి. మొదటిసారి "సారీ సార్, అంటే, వీలైతే..." అని నీళ్లు నములుతారు. రెండోసారి సారీలు తీసేయమనాలి. మూడోసారికి "సార్, ఈ శనివారం కుదరదు. సోమవారం పదింటికల్లా ఇస్తాను" అన్న మాట గొంతు తగ్గకుండా వస్తుంది. మేనేజర్ మళ్లీ ఒత్తిడి చేస్తే ఏమంటారో కూడా అప్పుడే అనిపించాలి. చాలామంది తడబడేది అక్కడే.

చివరి ఐదు నిమిషాల్లో కొత్త విషయం ఎత్తకూడదు. ఎప్పుడు, ఎక్కడ, ఏమంటారో వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో రాసుకోమనాలి. కావాలంటే మళ్లీ రావచ్చనీ చెప్పాలి.

పదిహేను రోజులకు ఒక ఫోన్. "బాగున్నారా" అంటే "ఆ, పర్లేదండీ" అని తేల్చేస్తారు. "శనివారం సంగతి ఏమైంది?" అంటే అసలు విషయం వస్తుంది.