తలకట్టుకు ఏ రంగు?

మంగళవారం, తెనాలి.

పొద్దున షాపు తలుపులు తీసేసరికే మాస్టారు వచ్చి కూర్చున్నారు. ఒకటో తరగతి గదిలో గోడకు తగిలించడానికి గుణింతాల చార్టు కావాలట. హల్లు నల్లగా, అచ్చు గుర్తు ఎర్రగా ఉండాలి. కా లో దీర్ఘం ఎరుపు, కి లో గుడి ఎరుపు, కె లో ఎత్వం ఎరుపు. పిల్లలకు చూడగానే తెలిసిపోతుంది. నాకు బాగా నచ్చిన ఆలోచన. కానీ మొదటి గడిలోనే పని ఆగిపోయింది. "క"లో ఏది ఎర్రగా ఉండాలి?

"తలకట్టు ఎరుపు చెయ్యమ్మా" అన్నారు మాస్టారు. "కకు తలకట్టిస్తే క అనే కదా మనమంతా చదువుకున్నది."

కంప్యూటర్ లెక్క వేరు. కంప్యూటర్ అక్షరాలకు ఇచ్చిన సంకేతాల పట్టిక యూనికోడ్‌లో దీర్ఘానికి, గుడికి, కొమ్ముకు దేని సంకేతం దానికుంది, తలకట్టుకు లేదు. "క" అంటే తలకట్టుతో సహా ఒకటే సంకేతం. రంగు విడిగా వేయాలంటే అక్షరాన్ని బొమ్మలు గీసే ప్రోగ్రాం కోరల్‌డ్రాలో కర్వ్స్ చేసి, అంటే గీతల బొమ్మగా మార్చి, తలకట్టు దగ్గర కోయాలి. కోశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కా లో తలకట్టు పోయి ఆ చోట దీర్ఘం వచ్చింది, కి లో గుడి వచ్చింది. మాస్టారి మాట నిలిచింది. తరువాత "కు" దగ్గరికి వచ్చాను. కొమ్ము పక్కన చేరింది, తలకట్టు మాత్రం కదల్లేదు. కూ లో, కృ లో కూడా అంతే. తలకట్టు అకారమే అయితే "కు"లో అకారం, ఉకారం రెండూ ఉన్నట్టు కదా! కింది వరుసల్లో మరీ చిక్కు. ఖ, జ, ట, ణ, బ, ల లకు అసలు తలకట్టే లేదు. "బలం"లో బకారానికీ లకారానికీ అకారం లేదని ఎవరంటారు?

మాస్టారు స్క్రీను దగ్గరికి కుర్చీ జరుపుకుని వరుసలన్నీ వేలితో చూపిస్తూ చదివారు. చివరికి, "తలకట్టు నల్లగానే ఉంచు. ప్రతి వరుసకూ ముందు పొల్లుతో ఒక గడి పెట్టు. క్ చూసి క చూస్తే అకారం ఎక్కడుందో వాళ్ళకే తెలుస్తుంది" అన్నారు. ఎంత మంచి ఉపాధ్యాయుడో! పదకొండు గంటలకల్లా ప్రూఫు తీసి ఇచ్చాను.

ఆయన వెళ్ళాక కూడా ఆ తలకట్టు నన్ను వదల్లేదు. అది పుట్టింది అకారం కోసం కాదు. మన లిపులకు మూలమైన బ్రాహ్మి లిపిలో, అశోకుని నాటికి, అక్షరాలకు తల మీద ఏమీ ఉండదు. క అంటే కూడిక గుర్తు, అంతే. తరువాతి లేఖకులు గీత మొదలుపెట్టే చోట చిన్న అడ్డగీత పెట్టడం అలవాటు చేసుకున్నారు. ఆ అలంకారమే హిందీ రాసే నాగరిలో అక్షరాల మీది పొడవాటి గీతగా, శిరోరేఖగా సాగింది, మన దగ్గర వంగి వంగి తలకట్టయింది. అకారం మాత్రం అశోకుని కాలం నుంచీ హల్లులోనే దాగి ఉంది, కంటికి కనబడకుండా.

కంటికి కనబడేలా రాసినవాడు ఒకడున్నాడు. అదీ మాకు దగ్గర్లోనే, రేపల్లె వెళ్ళే రైలు దారిలో, భట్టిప్రోలులో. మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగినప్పుడు ఆ శాసనాల నకళ్ళు తీసి ముందు పెట్టుకున్నాను. అక్కడి స్తూపం ఇటుకలనూ పాలరాళ్ళనూ పంతొమ్మిదో శతాబ్దంలో రోడ్డుకూ కాలువ పనులకూ పట్టుకుపోయారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్విస్తే, లోపల రాతి భరిణెలు, వాటిలో స్ఫటిక భరిణెలు, బుద్ధుని ధాతువులు, అంటే శరీర అవశేషాలు, బయటపడ్డాయి. రాతి భరిణెల మీద ప్రాకృతంలో రాతలు. వాటిని చదివి 1894లో ప్రకటించినవాడు జర్మన్ పండితుడు బ్యూలర్. క్రీ.పూ. మూడు, రెండు శతాబ్దాల నాటివంటారు.

మొదటి శాసనం "కురపితునో చ కురమాతు చ" అని మొదలవుతుంది. కురుని తండ్రి, తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధ ధాతువుల కోసం పెట్టెనూ స్ఫటికపు భరిణెనూ చేయించారన్నది విషయం. అందులో "ర" చూడండి. పైన కుడివైపుకు చిన్న అడ్డగీత ఉంది. "చ"కూ ఉంది. అశోకుని లిపి మాత్రమే తెలిసినవాడు దాన్ని దీర్ఘమనుకుని "కురాపితునో చా" అని చదువుతాడు. కానీ పక్కనే "మా" ఉంది. దాని గీత కుడికి సాగి కిందికి వంగింది. దీర్ఘం అదీ! వంగని గీత అకారం. అంటే ఈ లేఖకునికి ఏ గీతా లేని ర అంటే వట్టి ర్. మాస్టారు ఎరుపు వేయమన్న గుర్తు ఇక్కడ నిజంగానే ఉంది, రెండు వేల ఏళ్ళ కిందటే.

ఇంత చేసి, ఆ వట్టి హల్లును వాడుకునే అవకాశం ఈ రాతల్లో రానే లేదు. ప్రాకృతంలో పదం చివర హల్లు నిలవదు. జంట హల్లును ఒక్కటిగానే రాసేవారు కాబట్టి "బుద్ధ" కాస్తా "బుధ" అయింది. మరి వట్టి హల్లు ఎవరికి కావాలి? హల్లుతో ముగిసే మాటలు నిండుగా ఉన్న భాషకు. ద్రావిడ భాష మాట్లాడేవారి కోసం ఈ పద్ధతిని ఎవరో ఆలోచించి ఉంటారన్న వాదం నాకు సబబుగా అనిపిస్తుంది. బ్యూలర్ కూడా ఈ లిపికి ద్రావిడి అనే పేరు పెట్టాడు. మదురై దగ్గర మాంగుళం గుహల్లోని తొలి తమిళ రాతల్లోనూ వట్టి అక్షరం హల్లే; అయితే అక్కడ అ, ఆ రెండింటికీ ఒకటే గీత, ఏదో చదువరే తేల్చుకోవాలి. తరువాత వాళ్ళు హల్లు మీద చుక్క పెట్టి చిక్కు విప్పుకున్నారు. మనం పొల్లు పెట్టుకున్నాం.

ఈ ఒక్క అకారం కోసం లోకమంతా ఎన్ని అవస్థలు పడిందో! మధ్యధరా తీరపు ప్రాచీన జాతి ఫినీషియన్లు అచ్చులు రాయనే లేదు. వాళ్ళ అలెఫ్ గొంతులో పలికే హల్లు; ఆ ధ్వని తమ భాషలో లేని గ్రీకులు ఆ అక్షరాన్ని తీసుకుని అకారానికి ఇచ్చేశారు. ఇథియోపియా వాళ్ళు నాలుగో శతాబ్దంలో హల్లు ఆకారాన్నే కొద్దికొద్దిగా మార్చి ఏడు రూపాలు చేసుకున్నారు, అచ్చం మన గుణింతం లాగా. అందులో ఆరో రూపానికి అచ్చు ఉన్నా ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. హైదరాబాదు పాతబస్తీ ఉర్దూ బోర్డుల మీద అచ్చు గుర్తులైన జబర్, జేర్ దాదాపు కనబడవు. మాట తెలిసినవాళ్ళు చకచకా చదువుకుపోతారు.

భట్టిప్రోలు పద్ధతి ఆ ఊరు దాటి పాకలేదు. ఆ ఊళ్ళోనైనా అందరూ ఒప్పుకున్నారా అంటే అదీ లేదు. అదే దిబ్బలో ఆరు పలకల స్ఫటికం మీద ఇంకో చిన్న శాసనం దొరికింది. నందపుర స్త్రీలు ఇచ్చిన దానం గురించి. అందులో అకారానికి గీత లేదు, మామూలు అశోకుని పద్ధతే. నాకు తెలుసుకోవాలని ఉన్నదల్లా ఆ ఇద్దరు లేఖకుల సంగతి. ఇద్దరూ ఒకే కాలంవారా? ఒకరు రాసింది మరొకరు చూశారా? చూస్తే "ఈ గీతలన్నీ ఎందుకయ్యా" అని అడిగారా?