అందరికీ ఐదుకి ఐదు

"సప్లయర్ల మార్కుల షీటులో ఈ పర్యావరణం కాలమ్‌లో అందరికీ ఐదుకి ఐదే ఉన్నాయేంటండీ?" అని అడిగేశాను. కంపెనీలు సరుకు కొనేటప్పుడు పర్యావరణాన్ని చూస్తాయా అన్న నా సర్వే కోసం చేస్తున్న ఇంటర్వ్యూ అప్పటికే గంట దాటింది.

పర్చేజ్ మేనేజర్ గారు ఎక్సెల్ షీటు కేసి చూసి నవ్వేశారు. "ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్ ఉంటే ఐదు వేసేస్తాం మేడమ్. అది లేనివాళ్లు టెండర్‌కే రారు."

నూటికి ధరకి 60, నాణ్యతకి 20, టైముకి సరుకు పంపినందుకు 15. మిగిలిన 5 పర్యావరణానికి. అదీ అందరికీ ఒకటే అయితే ఉన్నా లేనట్టే కదా!

పైగా ఆ సర్టిఫికెట్ చెప్పేది పర్యావరణ వ్యవహారాలు చూసుకోడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారని. ఎంత పొగ వదలాలో, ఎన్ని నీళ్లు వాడాలో అది హద్దు గీయదు. ఒక సప్లయర్‌దైతే గడువు తీరి ఏడాదిన్నర. ఫైలు తెరిచేదాకా మేనేజర్ గారికీ తెలీదు పాపం.

ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన బోనస్ అంతా ఎంత మిగిల్చారన్న దాని మీదే. కార్బన్ లెక్కలు వేసేవాళ్లు పై అంతస్తులో ఉంటారు. కొన్న సరుకు తాలూకు ఉద్గారాలు స్కోప్ 3 కింద, అంటే కంపెనీ తను నేరుగా వదలకపోయినా సప్లయర్ల లాంటి వాళ్ల దగ్గర వెలువడేవాటి కింద చూపిస్తారు, పెట్టిన ఖర్చుని ఒక సగటు అంకెతో హెచ్చవేసి. అంటే సప్లయర్ బాయిలర్ మార్చుకున్నా ఆ లెక్కలో కనపడదు. రేటు బేరమాడి తగ్గిస్తే మాత్రం ఉద్గారాలు తగ్గిపోతాయి!

నా ప్రశ్నావళిలో ఏడో ప్రశ్న: "సప్లయర్ల ఎంపికలో పర్యావరణాన్ని పరిగణిస్తారా? అవును / కాదు." ఇప్పటికి నలభై మంది "అవును" అని టిక్కు పెట్టారు.

రాత్రికి కూర్చుని దాన్ని తిరగరాయాలి.