ఓ మోస్తరు సినిమా, ఓ కురిడీ కాయ

ఆదివారం, రాత్రి పది దాటింది.

పొద్దున్నుంచీ ముసురు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మ్యాట్నీకి అమలాపురంలో కొత్త కుటుంబకథా చిత్రం. హాలు సగం నిండింది. విశ్రాంతి తర్వాత ఆ సగంలో సగం మంది ఫోన్లలో పడ్డారు. బాగాలేదనడానికి నోరు రాదు, బాగుందనడానికి మనసు రాదు. అలాంటి సినిమా.

కోనసీమలో కొబ్బరితోట ఉన్న పెద్దాయన, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆయన పోయాక పంపకాల తగువు. అందరూ ఏడుస్తారు, ఆఖర్న ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తారు. ఇలాంటివాటికి కొత్తదనం కోసం ఎవరూ వెళ్ళరు కాబట్టి ఆ ఫిర్యాదు లేదు.

ముందు మంచి మాట చెప్పాలి. మొదటి అరగంటలో పెద్దాయన అటకెక్కి కురిడీ కాయలు చూసే సీను ఉంది. ఒక్కో కాయా తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. నీళ్ళ చప్పుడొస్తే మళ్ళీ అటక మీదే పెడతాడు, లోపల గుండు లొటలొటలాడితే కిందికి అందిస్తాడు. మాట లేదు, పాట లేదు. కురిడీ అంటే అదే మరి. బాగా ముదిరిన కాయని ఒలవకుండా ఎనిమిది నుంచి పన్నెండు నెలలు అటక మీద వదిలేస్తే లోపలి నీరు మెల్లగా ఇంకి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా విడిపోతుంది. లేత కాయ పెట్టినా, నెర్రె పడ్డ కాయ పెట్టినా లోపల కుళ్ళుతుంది. డొక్క, అంటే పై పీచు, తీసేసి పెడితే వేడికి చిప్ప పగిలే ప్రమాదం. ఇవేవీ సినిమా చెప్పదు, చెప్పక్కర్లేదు కూడా. ఆయన ఒక కాయని రెండోసారి ఊపి, "దీనికింకో రెణ్ణెల్లు పడుద్దమ్మా" అని కూతురితో అంటాడు చూడండి, ఆ ఒక్క మాటకి టికెట్టు డబ్బు సగం వచ్చేసింది.

మిగతా సగం రాలేదు.

అసలు తగువంతా ఒక తెల్లకాగితం చుట్టూ తిరుగుతుంది. 'నా వాటా నాకొద్దు' అని కూతురు రాసి సంతకం పెడుతుంది. పెద్దన్న దాన్ని బీరువాలో దాస్తాడు, చిన్నన్న దొంగిలిస్తాడు, ఆఖర్న పెద్దన్నే కన్నీళ్ళతో చింపేస్తాడు. వయొలిన్లు మోగిపోతాయి. కానీ వంద రూపాయల పైబడిన స్థిరాస్తి మీద హక్కు వదులుకోవాలంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి. తెల్లకాగితం మీద రాసుకున్న రోజునే దానికి విలువ లేదు, ఇక చింపితే ఏం, చింపకపోతే ఏం. పోనీ రిజిస్టరు చేశారే అనుకుందాం, అప్పుడు ఇంట్లో కాగితం చింపినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఉంటుంది. ఎటు చూసినా ఆ సీను నిలబడదు.

దానికి తోడు 'ఆడపిల్లకి వాటా ఎక్కడిది' అంటూ ఊరి పెద్దలు పావుగంట వాదిస్తారు. కూతురి పెళ్ళి ఫొటో మీద 1998 అని కనబడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచీ ఉంది, అప్పటికి పెళ్ళికాని వాళ్ళందరికీ. దేశమంతటికీ 2005లో వచ్చింది. రచ్చబండ దగ్గర ఈ మాట తెలిసినవాడు ఒక్కడూ లేడంటే ఈ జిల్లాలో నమ్మడం కష్టం. ఇక్కడ ప్రతి వీధిలో ఒక సగం ప్లీడరు ఉంటాడు.

యాస సంగతి సరేసరి. 'ఆయ్' ఎక్కడ పడితే అక్కడ. అది పెద్దవాళ్ళు పిలిస్తేనో అడిగితేనో మర్యాదగా పలికే మాట. తండ్రి కొడుకుని తిడుతూ 'ఆయ్' అనడమేమిటి?

సంక్రాంతి పాటలో హీరో వెనక బంగారం లాంటి వరి ఊగుతోంది. సంక్రాంతికి డెల్టాలో సార్వా (వానాకాలం పంట) కోతలై కుప్పలు పడి, దాళ్వా (రెండో పంట) నాట్లు నడుస్తుంటాయి. చేలో ఉండేది బురద, నీళ్ళు, జానెడు నారు. మేనల్లుడు కాలవలో పడిపోయే సీను ఇంకా ఘోరం. అది వేసవి సెలవులని వాళ్ళే చెప్పారు. దాళ్వాకి నీళ్ళు సరిపోయాక ఏప్రిల్‌లో ధవళేశ్వరం దగ్గర తలుపులు దించి కాలవలు కట్టేస్తారు. పూడిక తీతా, మరమ్మతులూ అప్పుడే. మళ్ళీ జూన్‌లో వదులుతారు. మే నెల కాలవలో పిల్లాడు పడితే మోకాలు చెక్కుకుపోవచ్చు గాని మునిగిపోడు. షూటింగు తేదీలు వాళ్ళకి కుదిరినప్పుడు పెట్టుకోవచ్చు, కాదనం. కథలో నెల పేరు చెప్పకుండా ఉంటే సరిపోయేది.

కూతురి వేషం వేసినమ్మాయి మాత్రం మెప్పించింది. ఏడవాల్సిన చోట ఏడవకుండా పైట చెంగు మెలిపెడుతూ నిలబడింది. పెద్ద కోడలిది మరీ నాటకం.

ఆఖర్న తండ్రి సంవత్సరీకం నాడు ఆ అమ్మాయి అటకెక్కుతుంది. ఆయన పక్కన పెట్టిన కాయ అక్కడే ఉంది. హాల్లో ఫోన్లు కూడా ఆగాయి. తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

నీళ్ళ చప్పుడు.

రెణ్ణెల్లలో ఇంకిపోవాల్సిన కాయ, ఏడాది గడిచింది. మొదటి సీనుకి వాడిన శబ్దాన్నే తెచ్చి ఇక్కడా అతికించారు.