ఒకే లెన్స్‌తో షార్ట్ ఫిల్మ్: మూడో వారం

ఏడు సీన్లలో నాలుగు అయ్యాయి. ఈ వారం తీసినవి రెండు. ఒకటి బాగా వచ్చింది, ఇంకోటి మళ్ళీ తీయాలి.

మొదటి రోజే పెట్టుకున్న నియమం, లెన్స్ మార్చకూడదని. ఫ్రెంచ్ దర్శకుడు రాబర్ట్ బ్రెస్సాన్ తన సినిమాల్లో చాలావరకు 50 ఎంఎం లెన్స్ ఒక్కటే వాడాడు, నటనలో అనుభవం లేనివాళ్ళనే తీసుకున్నాడు. ఆ పద్ధతి నాకు ప్రాణం. నా కెమెరాది చిన్న సెన్సర్, క్రాప్ 1.5, అంటే ఏ లెన్స్ అయినా ఒకటిన్నర రెట్లు దగ్గరగా చూపిస్తుంది. 50 పెడితే 75లా కనిపిస్తుంది కాబట్టి, దాదాపు 50లా కనిపించే 35 ఎంఎం బిగించాను. సెకనుకు 24 ఫ్రేములు, షటర్ వేగం 1/50 సెకను, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 5600కి లాక్. ఆటోలో వదిలేస్తే షాట్ మధ్యలోనే రంగు మారిపోతుంది.

అన్నదమ్ములు గొడవపడే సీన్‌లో గది మరీ ఇరుకు. గోడకు వీపు ఆనించి నిలబడినా ఇద్దరూ ఫ్రేములో పట్టలేదు. వైడ్ లెన్స్ సంచిలోనే ఉంది, చేయి అటే లాగింది. తీయలేదు. తమ్ముడి మీదే కెమెరా ఉంచి, అన్నను గొంతుగా మాత్రమే వినిపించాను. అన్న "తాళంచెవి అక్కడ పెట్టు" అనగానే తమ్ముడి బొటనవేలు తాళంచెవి పళ్ళ మీద ఒకసారి అటూ ఇటూ కదిలింది. నేను చెప్పింది కాదు అది. పదకొండో టేక్‌లో, డైలాగు నోటికి అలవాటైపోయాక దానంతట అదే వచ్చింది. మొదటి మూడు టేకుల్లో కుర్రాడు 'నటించాడు', అందుకే పనికిరాలేదు.

తాళంచెవి బల్ల మీద పడే చప్పుడు విడిగా తీసుకున్నాను, రికార్డర్‌ను జానెడు దూరంలో పెట్టి. ఫ్రిజ్ ఆపించి, అందరినీ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషం ఉత్త గది శబ్దం కూడా పట్టాను. ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా చేసేది ఆ నిమిషమే. తలుపు చప్పుడును దృశ్యం కంటే 12 ఫ్రేములు, అంటే అర సెకను, ముందే వినిపించేలా జరిపితే, తమ్ముడు తలెత్తడానికి కారణం దొరికింది. ఆ కట్ చూసుకుని చాలా సంతోషపడ్డాను.

మెట్ల సీన్ మాత్రం పోయింది. సాయంత్రం వెలుతురు తగ్గుతుంటే ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపించాలన్న సెట్టింగు) 3200 దాకా పెంచాను, నీడలన్నీ నాయిస్‌తో, అంటే చుక్కచుక్కలుగా, నిండిపోయాయి. ఆదివారం ఒక గంట ముందే మొదలుపెట్టి, 800 దాటకుండా తీస్తాను. మెట్ల కింద నిలబడే చోటుకు ఇప్పటికే టేప్ అంటించాను.