కత్తిరి ఎండల్లో ఒంటి ఆవిర్లు: చెన్నైలో నాకు పనికొచ్చినవి, పనికిరానివి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవైపు సామెత. చెన్నైలో రోళ్ళు పగలవు, ఒళ్ళు ఆరదు. మే 4 ప్రాంతంలో మొదలై దాదాపు నెలాఖరు దాకా నడిచే కత్తిరి ఎండల్లో ఇక్కడ ఎండకన్నా ఉక్కే పెద్ద బాధ. ముట్లుడిగే వయసులో ఒంట్లోంచి లేచే ఆవిర్లకు ఈ ఉక్క తోడైనప్పుడు, ఆయుర్వేదం చెప్పిన గ్రీష్మ చర్యను (ఎండాకాలపు దినచర్యను) ఉన్నదున్నట్టు పాటిస్తే కొన్ని పనులు ఎదురు తిరుగుతాయి. నేను ఏవి ఉంచుకున్నానో, ఏవి మార్చుకున్నానో, ఎందుకో రాస్తున్నాను.

ముందు కారణం. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్‌కు ఓపిక తగ్గుతుంది. ఇదివరకు పట్టించుకోనంత చిన్న పెరుగుదలకే చర్మంలోని రక్తనాళాలను తెరిచేసి చెమట పట్టిస్తుంది. సెగ ఛాతీలో మొదలై మెడ, ముఖం దాకా పాకుతుంది. మామూలుగా ఒకటి నుంచి ఐదు నిమిషాలుండి తగ్గుతుంది, ఆపైన ఒక్కోసారి వణుకు. చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, అది ఆరాలి. కర్నూల్లో ఆరుతుంది. మైలాపూర్‌లో గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి కారుతూనే ఉంటుంది. కుండలో నీళ్ళు ఇక్కడ అక్కడంత చల్లబడకపోవడానికీ కారణం అదే.

అందుకే తడి మీద ఆధారపడే చిట్కాలను నేను పక్కన పెట్టాను. వట్టివేళ్ళ తడకలు తడిపి కిటికీకి కడితే పొడి ఊళ్ళలో గది చల్లబడుతుంది, ఇక్కడ ఉక్క పెరుగుతుంది. ఒంటినిండా గంధం మందంగా పట్టిస్తే చెమట దారులు మూసుకుని చెమటకాయలు లేస్తాయి. గంధం నుదుటికీ మణికట్లకూ పల్చగా రాసి, ఎండకముందే కడిగేసుకుంటే చాలు. ఉక్కలో అసలైన మందు కదిలే గాలి. ఫ్యాను గాలి నేరుగా మెడకూ ఛాతీకీ తగిలేలా కూర్చోవాలి. సెగ మొదలవుతోందని తెలియగానే ముంజేతులు మోచేతుల దాకా కుళాయి కింద పెట్టి తుడుచుకుంటాను. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్ళు కాగిపోయి ఉంటాయి కాబట్టి పొద్దున్నే ఒక బకెట్ పట్టి నీడన పెట్టుకోవాలి.

రజస్సు (ముట్టు) పన్నెండో ఏట మొదలై యాభైకి క్షీణిస్తుందని సుశ్రుతుడు అన్నాడు. ఆయుర్వేదం లెక్కలో ఆ తర్వాతిది వాతం పెరిగే వయసు. మంటా చెమటా పిత్తం లక్షణాలైతే నిద్ర లేమి, పొడిబారడం, కీళ్ళ నొప్పులు వాతానివి. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి కాబట్టి పగలు చలవ చేసేవి, రాత్రి నూనె, గోరువెచ్చని పాలు అని నేను విడదీసుకున్నాను. రోజంతా ఐసు నీళ్ళు తాగేవాళ్ళకు ఆకలి మందగించి పొట్ట ఉబ్బుతుంది, ఆవిర్లు మాత్రం ఆగవు.

పగటి పానీయాల్లో నా ఓటు ధనియాల హిమానికి. హిమమంటే మందును చల్లటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడగట్టిన నీరు. లోపలి మంటకు ధనియాల హిమం చక్కెరతో పొద్దున్నే తాగమన్నది పాత విధానమే. హిమానికి శాస్త్రం చెప్పే కొలత ఒక వంతు మందుకు ఆరు వంతుల నీళ్ళు. అంత చిక్కన అక్కర్లేదు. 10 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాల ధనియాలు రోట్లో రెండుగా పగిలేలా దంచి 150 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళలో రాత్రి పదింటికి వేసి మూత పెడతాను. పొద్దున ఆరింటికి పిసికి వడగట్టి చెంచాడు పటికబెల్లం కలుపుకోవాలి, షుగరున్నవాళ్ళు అది మానేయాలి. గింజ పగలకపోతే వాసనే తప్ప సారం దిగదు. ప్యాకెట్ పొడి వేస్తే గొంతులో గరగర, పైగా అది వేయించినదైతే పనికిరాదు. ఈ ఉక్కలో ఎనిమిది తొమ్మిది గంటలు దాటితే పులిసిన వాసన వస్తుంది, పారబోయడమే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు ముందు మంచినీళ్ళతో మాత్ర వేసుకుని, గంట ఆగి ఇది తాగాలి.

సుగంధిపాల ఇక్కడ నన్నారి పేరుతో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. సీసా షర్బత్‌లో చక్కెరే ఎక్కువ. వేళ్ళు కొని నలగ్గొట్టి, లోపలి కట్టెలాంటి నడిమి పుల్ల తీసేసి, పైబెరడును వేడినీళ్ళలో వేసి మూతపెట్టి రాత్రంతా నాననివ్వాలి. మరిగిస్తే పరిమళమంతా ఆవిరైపోతుంది. మజ్జిగ ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీళ్ళు పోసి చిలికి, జీలకర్ర, కరివేపాకు వేసుకోవాలి. గడ్డపెరుగు తినడానికి చల్లగా ఉన్నా ఆయుర్వేదం దాన్ని వేడి చేసే పదార్థంగానే లెక్కిస్తుంది, రాత్రి వద్దంటుంది.

తిండి దగ్గర అసలు చిక్కు ఆవకాయ. కొత్త ఆవకాయ కలిపేదీ ఈ నెలలోనే! మిరపలోని ఘాటు ఒంట్లోని వేడిని గుర్తించే నాడులనే తాకుతుంది కాబట్టి ఆవిరికి అది మంచి సాకు. మానేయమని నేను చెప్పను. మధ్యాహ్నం ఒక్క ముద్ద, నెయ్యితో. రాత్రి మాత్రం ముట్టను. ఫిల్టర్ కాఫీకి రెండు దోషాలు, కెఫీనూ పొగలు కక్కే వేడీ. పొద్దున ఒక్కటి, అదీ డబరాలో ఆరబోసి తాగుతాను. ఏది ఎవరికి పడదో తేలాలంటే సెగ వచ్చిన వేళ, దానికి ముందు తిన్నది, తీవ్రత ఒకటా రెండా మూడా అని క్యాలెండర్ మీద రాసుకోవడమే దారి. కొందరికి కారణం కారం కాదు, బిగుతు జాకెట్టూ వంటింటి పొయ్యీ అని తేలుతుంది.

రాత్రికి శతావరి. నాటు మందుల దుకాణంలో తన్నీర్‌విట్టాన్ కిళంగు అని అడగాలి. పార్క్‌టౌన్ రాసప్ప చెట్టి వీధిలో ఇలాంటి దుకాణాలు వరసగా ఉంటాయి, తిరువాన్మియూర్‌లోని వైద్యుల సహకార సంస్థ ఇంప్‌కాప్స్‌లో తయారు మందులు దొరుకుతాయి. చెంచాడు, అంటే 3 గ్రాముల పొడిని ముందు చల్లటి పాలలో కలిపి తర్వాత కాచాలి. కాగే పాలలో వేస్తే ఉండలు కడుతుంది. చెన్నై గాలికి పొడి చెమ్మగిల్లి బూజు పడుతుంది కాబట్టి 50 గ్రాములకు మించి కొనకూడదు. పొట్ట బరువెక్కితే సగం చేయాలి. ఫలితం వారాల మీద తెలుస్తుంది గానీ మర్నాటికి కాదు. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందినవాళ్ళు డాక్టరునడగకుండా శతావరి తాకకూడదు. నిద్రకని అశ్వగంధ మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువ. అది ఉష్ణ వీర్యం, అంటే వేడి చేసే గుణమున్నది, ఎండాకాలానికి నప్పదు. పైగా థైరాయిడ్ మందులతో పొసగకపోవచ్చు, కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. అతిమధురం రోజూ వాడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. లోహాలు, ఖనిజాలతో చేసే భస్మాలు, పిష్టులు వైద్యుడు చూసి ఇవ్వాల్సినవే.

నూనె స్నానానికి నువ్వులనూనె బదులు కొబ్బరినూనె. పొద్దున మూడు చెంచాలు ఒంటికి పట్టించి ఇరవై నిమిషాలాగి పెసరపిండితో రుద్దుకోవాలి. సాయంత్రం పట్టిస్తే జిడ్డూ చెమటా కలిసి కురుపులు లేస్తాయి. పడుకునే ముందు అరికాళ్ళకు మాత్రం అర చెంచాడు రాసి, గుడ్డతో తుడిచాకే నేల మీద కాలు పెట్టాలి. ఈ వయసులో జారిపడితే ఎముకే విరుగుతుంది.

ఏసీ ఆయుర్వేదానికి విరుద్ధం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. గాలిలోని తేమను లాగేది అదే కదా. 26 దగ్గర పెట్టి ఫ్యాను మెల్లగా తిప్పితే చాలు, 20 పెడితే చెమట తర్వాతి వణుకు రెండింతలవుతుంది. పల్చటి కాటన్ నైటీ ఇంకొకటీ, ఒక తువ్వాలూ, మంచినీళ్ళూ పక్కనే ఉండాలి. మెలకువ వస్తే లేచి కూర్చుని శీతలి చేస్తాను. నాలుకను గొట్టంలా మడిచి గాలి పీల్చి, నోరు మూసి, ముక్కుతో నెమ్మదిగా వదలడం, ఎనిమిది పది సార్లు. నాలుక మడతపడనివాళ్ళు పళ్ళు కలిపి వాటి సందుల్లోంచి పీల్చొచ్చు. నోటితో పీల్చిన గాలికి ముక్కు వడపోత ఉండదు, అందుకని రోడ్డు పక్క బాల్కనీలో వద్దు. ఉబ్బసమున్నవాళ్ళకు అసలు వద్దు.

వీటితో లొంగనివీ ఉన్నాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళాల్సిందే. బరువు తగ్గుతూ, జ్వరంతో రాత్రి చెమటలు పడితే అది మెనోపాజ్ అని సరిపెట్టుకోకూడదు. గుండె దడ ఎక్కువైతే థైరాయిడ్ పరీక్ష అయిన టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. సెగ నిమిషాల్లో తగ్గకుండా తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఉంటే అది వడదెబ్బ దారి పట్టినట్టే, వెంటనే చల్లటి చోటికి చేర్చి నీళ్ళు తాగించాలి, మాట తడబడితే ఆసుపత్రికి. ఆవిర్లు నిద్రనూ పనినీ చెడగొట్టేంతగా ఉంటే అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. అది తమకు సరిపడుతుందో లేదో అడిగి తెలుసుకోవడం ఆయుర్వేదానికి ద్రోహమేమీ కాదు.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనం పట్టుకున్నాక ధనియాల హిమం ఆపేసి నువ్వులనూనెకు మారతాను. శతావరి పాలు మాత్రం కొనసాగుతాయి.