ఫైలు కంటే ముందు పేరు: పైథాన్‌తో ఆబ్జెక్ట్ స్టోరేజీలోకి

స్కాన్ చేసిన నలభై మూడు పాత పుస్తకాలను క్లౌడ్‌లో భద్రపరిచే పనిని నేను నెత్తికెత్తుకున్నప్పుడు, అందులో కష్టమైన భాగం స్కానింగ్ అనీ, అప్‌లోడ్ అన్నది చివర్లో ఒక రాత్రి కంప్యూటర్‌ను వదిలేస్తే అయిపోయే పని అనీ అనుకున్నాను. ఒక్కో పుస్తకానికి ఒక ఫోల్డర్, ప్రతి ఫోల్డర్‌లో 001, 002, 003 అంటూ వరుసగా పేజీలు, ఒక్కో పేజీ దాదాపు 25 మెగాబైట్ల టిఫ్ ఫైలు, మొత్తం 5,160 పేజీలు. పైథాన్‌లో, అమెజాన్ వారి క్లౌడ్ నిల్వ సేవ ఎస్3తో మాట్లాడే బోటో3 లైబ్రరీతో పది పన్నెండు పంక్తుల స్క్రిప్ట్ రాసి నడిపాను. రెండు రాత్రుల తరువాత అది ఒక్క ఎర్రర్ కూడా చూపకుండా ముగిసింది. బకెట్‌లో, అంటే ఆ సేవలో నా ఫైళ్ల కోసం తీసుకున్న చోట, ఎన్ని ఆబ్జెక్టులు (అక్కడ చేరిన ఫైళ్లు) ఉన్నాయో లెక్కపెడితే 214 ఉన్నాయి.

ఆ సంఖ్య ఎక్కడిదో అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నా పుస్తకాలలో అన్నిటికంటే పెద్దదానికి 214 పేజీలున్నాయి. నేను ఫైలు పూర్తి దారిని కాక చివరి పేరును మాత్రమే కీగా, అంటే స్టోరేజీలో దాన్ని గుర్తించే పేరుగా, ఇచ్చాను కాబట్టి, ప్రతి పుస్తకంలోని 001 దాని ముందు పుస్తకంలోని 001 మీద కూర్చుంది. అలా నలభై రెండు సార్లు జరిగింది. చివరగా ఎక్కిన పుస్తకానికి 118 పేజీలే ఉన్నందువల్ల బకెట్‌లో మిగిలినది ఒక విచిత్రమైన గ్రంథం: మొదటి 118 పేజీలు వైద్యం పుస్తకానివి, 119వ పేజీ నుంచి వ్యాకరణం. అసలు ఫైళ్లు డిస్కు మీద ఉండబట్టి ఏమీ పోలేదు. అయితే ప్రోగ్రాం 5,160 సార్లు విజయవంతంగా పనిచేసిందన్నదీ నిజమే, బకెట్‌లో ఒకే ఒక్క అతుకుల పుస్తకం ఉందన్నదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలుసుకోవడం దగ్గరే ఈ విషయమంతా ఉందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

మన కంప్యూటర్‌లోని ఫోల్డర్ల అలవాటును ఆబ్జెక్ట్ స్టోరేజీకి తీసుకువెళ్లకూడదు. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 మొదలైన నాటి నుంచి దాని నమూనా చాలా సాదా అయినది: ఒక బకెట్, అందులో ఒక కీ, ఆ కీకి కట్టిన కొన్ని బైట్లు. సాధారణ బకెట్‌లో ఫోల్డర్ అనేదే లేదు. వెబ్ కన్సోల్‌లో ఫోల్డర్ల వలె కనిపించేవి, కీలోని గీటు గుర్తును (/) ఆధారం చేసుకుని మన సౌకర్యం కోసం గీసి చూపిస్తున్న బొమ్మలే. కీ మొత్తం ఒకే ఒక పొడవాటి పేరు. అదే పేరుతో మళ్లీ పంపితే, వెర్షనింగ్ (పాత రూపాలను కూడా దాచి ఉంచే అమరిక) పెట్టుకోని బకెట్‌లో పాత ఆబ్జెక్ట్ స్థానంలోకి కొత్తది నిశ్శబ్దంగా వస్తుంది. ఈ విషయంలో అన్ని సేవలూ ఒకే తీరున ఉండవు. అజూర్ బ్లాబ్ స్టోరేజీకి ఇప్పుడున్న పైథాన్ లైబ్రరీలో ‘అప్‌లోడ్_బ్లాబ్’ అనే పద్ధతి, ఓవర్‌రైట్ చేయమని మనం స్పష్టంగా చెబితే తప్ప, ఆ పేరుతో బ్లాబ్ ఇదివరకే ఉందంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నా దృష్టిలో సరైన పద్ధతి అదే. ఎస్3లోనూ 2024 ఆగస్టు నుంచి ఆ మార్గం ఉంది: ‘పుట్_ఆబ్జెక్ట్’ పిలుపులో ‘ఇఫ్‌నన్‌మ్యాచ్’ అనే పరామితికి నక్షత్రం గుర్తును విలువగా ఇస్తే, ఆ కీతో ఆబ్జెక్ట్ ఉన్న పక్షంలో సర్వర్ 412 కోడ్‌తో నిరాకరిస్తుంది. మొదటిసారి ఎక్కిస్తున్న భాండాగారానికి ఈ కాపలా తప్పకుండా పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

కీని తయారు చేయడం కోసం నేను ఇప్పుడు విడిగా ఒక ఫంక్షన్ రాసుకుంటున్నాను; అప్‌లోడ్ చేసే ఫంక్షన్ కంటే అదే పొడవుగా ఉంటుంది. పాత్‌లిబ్ మాడ్యూల్‌లోని ‘రిలేటివ్_టు’తో మూల ఫోల్డర్ నుంచి ఫైలు వరకు ఉన్న దారిని తీసుకుని, ‘యాజ్_పోసిక్స్’తో దాన్ని ముందుకు వాలిన గీట్లతో రాయించాలి. ఈ రెండో అడుగు మరిచిపోతే విండోస్‌లో కీలన్నీ వెనక్కి వాలిన గీట్లతో తయారవుతాయి, ఆ గీటును స్టోరేజీ విభజన గుర్తుగా చూడదు కాబట్టి వేల ఫైళ్లు ఒకే చోట కుప్పపోసినట్లు కనిపిస్తాయి.

తెలుగు పేర్లున్న ఫైళ్లకు మరొక చిక్కు ఉంది, దీని గురించి రాసినవారు నాకు దాదాపుగా కనబడలేదు. నా ఫోల్డర్లలో ఒకదాని పేరు ‘వైద్యం’. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా ఒక విధం, ఎత్వం కింద ఐత్వపు పొడిగింపు గుర్తును చేర్చి రెండు సంకేతాలుగా మరొక విధం. తెర మీద రెండూ అచ్చంగా ఒకే మాట. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు కనుక మొదటి ‘వైద్యం’ 18 బైట్లు, రెండో ‘వైద్యం’ 21 బైట్లు. స్టోరేజీ బైట్లను పోలుస్తుందే తప్ప అక్షరాలను చదవదు, అందువల్ల దాని లెక్కలో అవి రెండు వేర్వేరు కీలు. పాత మాక్ కంప్యూటర్లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టిన రూపంలో దాచేది, కాబట్టి అటువంటి డిస్కు నుంచి ఒకసారి, వేరే కంప్యూటర్ నుంచి ఒకసారి ఎక్కిస్తే ఒకే పుస్తకం రెండు చోట్ల సగం సగం చేరవచ్చు. దీనికి మందు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని ‘నార్మలైజ్’ ఫంక్షన్. కీ తయారీలో ప్రతి పేరునూ ఎన్ఎఫ్‌సీ రూపానికి, అంటే ఇటువంటి రెండు సంకేతాలను ఒకటిగా కలిపిన రూపానికి, మార్చాలి. పొల్లు హల్లు తరువాత అక్షరాలు కలవకుండా వాడే కనబడని సంకేతం, అంటే జడ్‌డబ్ల్యుఎన్‌జె, ఈ మార్పిడితో తొలగదు. ఒకరు దానిని టైపు చేసి, మరొకరు చేయకపోతే మళ్లీ రెండు కీలే. కీ పొడవు 1,024 బైట్లకు మించరాదన్న నియమం తెలుగులో 341 సంకేతాలకే చెల్లిపోతుందన్నది కూడా, లోతైన ఫోల్డర్లున్నవారు గుర్తుంచుకోవలసిన లెక్క.

ఇదంతా చూసిన మీదట నేను కీలలో అంకెలు, ఆంగ్ల అక్షరాలు, గీట్లు మాత్రమే ఉంచాలని నిర్ణయించుకున్నాను: పుస్తకానికి ఒక సంఖ్య, పేజీకి ఒక సంఖ్య. తెలుగు పేరును వదులుకోవడం నాకు బాధ కలిగించింది, అందుకని దాన్ని ఆబ్జెక్ట్ మెటాడేటాలోనైనా, అంటే ఫైలుతో పాటు నమోదయ్యే వివరాలలోనైనా, ఉంచుదామని ప్రయత్నించాను. అక్కడ బోటో3 ఫైలును పంపకముందే అడ్డుపడింది. ఎస్3 మెటాడేటాలో ఆస్కీ అక్షరాలు (ఆంగ్ల అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు) మాత్రమే ఉండాలన్నది దాని నియమం. శాతం గుర్తులతో కోడింగ్ చేసి పెట్టవచ్చు, కానీ అప్పుడు ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది అక్షరాలుగా ఉబ్బుతుంది, మనం పెట్టుకునే మెటాడేటాకు ఉన్న పరిమితి మొత్తం 2 కిలోబైట్లు. చివరకు పేర్లు, రచయితలు, ప్రచురణ వివరాలు అన్నిటినీ ఒక జేసన్ (డేటాను పాఠ రూపంలో రాసే పద్ధతి) ఫైలుగా రాసి, దాన్నీ ఒక ఆబ్జెక్టుగా అదే బకెట్‌లో పెట్టాను. ఫైలు లోపలి పాఠానికి అటువంటి ఆంక్షలేమీ లేవు కదా, ఐత్వాలూ జడ్‌డబ్ల్యుఎన్‌జెలూ అన్నీ అక్కడ సుఖంగా ఉన్నాయి.

ఆ జేసన్‌తో పాటు పెట్టిన తెలుగు పాఠపు ఫైలు వల్ల ఇంకొకటి తెలిసింది. ‘అప్‌లోడ్_ఫైల్’ ఫైలు రకాన్ని తనంతట తాను ఊహించదు. మనం చెప్పకపోతే దాన్ని ఉత్త బైనరీ డేటాగా నమోదు చేస్తుంది, బ్రౌజర్ దాన్ని తెరిచి చూపడానికి బదులు డౌన్‌లోడ్ చేస్తుంది. ‘ఎక్స్‌ట్రాఆర్గ్స్’ ద్వారా కంటెంట్ టైప్ ఇవ్వాలి. పీడీఎఫ్, బొమ్మల వంటివాటికి మైమ్‌టైప్స్ మాడ్యూల్ సరిపోతుంది. తెలుగు పాఠానికి మాత్రం దాని సమాధానం చాలదు, పక్కనే యూటీఎఫ్-8 అన్న కారెక్టర్ సెట్‌ను కూడా మనమే చేర్చాలి, లేకపోతే కొన్ని బ్రౌజర్లలో తెలుగు అక్షరాల బదులు అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది.

ఇక అసలు పంపడం. ఈ భాగాన్ని బోటో3 చాలా చక్కగా చూసుకుంటుంది. ‘పుట్_ఆబ్జెక్ట్’ ఒకే విన్నపంలో మొత్తం ఫైలును పంపుతుంది, అలా ఒకే ఊపులో 5 గిగాబైట్ల వరకే వెళుతుంది. ‘అప్‌లోడ్_ఫైల్’ అయితే 8 మెగాబైట్ల పరిమితి చేరిన ఫైలును 8 మెగాబైట్ల ముక్కలుగా కోసి, పది వరకు థ్రెడ్లతో (ఒకేసారి నడిచే పనుల వరుసలతో) పంపి, అన్నీ చేరాక అతికించమని సర్వర్‌కు చెబుతుంది. ముక్కలు 10,000కు మించరాదు, చివరిది తప్ప ఏదీ 5 మెగాబైట్ల కంటే చిన్నదిగా ఉండరాదు. నెట్ బలహీనంగా ఉన్నచోట పది థ్రెడ్లు ఒకదానితో ఒకటి పోటీపడి అన్నీ గడువు దాటిపోతుంటే, ‘ట్రాన్స్‌ఫర్‌కాన్ఫిగ్’లో ‘మ్యాక్స్_కాన్‌కరెన్సీ’ని రెండుకు తగ్గించడం మేలు. ఎంతవరకు వెళ్లిందో చూపడానికి ‘కాల్‌బ్యాక్’ ఇచ్చేవారు ఒక సంగతి గమనించాలి: దానికి అందేది అప్పటివరకు వెళ్లిన మొత్తం కాదు, గత పిలుపు తరువాత వెళ్లిన బైట్లు మాత్రమే. పైగా అది వేర్వేరు థ్రెడ్ల నుంచి వస్తుంది కాబట్టి కూడికను ఒకసారికి ఒక్క థ్రెడ్డే చేసేలా లాక్ వేసుకోవాలి.

మధ్యలో ఎర్రర్ వస్తే ‘అప్‌లోడ్_ఫైల్’ అప్పటివరకు పంపిన ముక్కలను రద్దు చేయమని తానే అడుగుతుంది. కరెంటు పోతేనో, ప్రాసెస్‌ను బలవంతంగా ఆపేస్తేనో ఆ అవకాశం ఉండదు. ఆ ముక్కలు బకెట్‌లో అలాగే ఉండిపోతాయి. ఆబ్జెక్టుల జాబితాలో కనబడవు గానీ బిల్లులో నిల్వ కింద లెక్కకు వస్తాయి. ‘లిస్ట్_మల్టీపార్ట్_అప్‌లోడ్స్’తో అడిగితేనే బయటపడతాయి. బకెట్ సృష్టించిన రోజే, ఇన్ని రోజులలో పూర్తికాని అప్‌లోడ్‌లను తుడిచివేయమని ఒక లైఫ్‌సైకిల్ నియమం పెట్టడం నా అలవాటు. నేను ఏడు రోజులు పెట్టుకున్నాను.

చేరినది సరిగా చేరిందా అన్న ప్రశ్నకు ‘అప్‌లోడ్_ఫైల్’ జవాబివ్వదు, అది విజయవంతమైతే ఏమీ తిరిగి ఇవ్వదు. చాలామంది, ప్రతి ఆబ్జెక్టుకూ సర్వర్ ఇచ్చే ఈట్యాగ్ అనే గుర్తును ఎండీ5తో, అంటే ఫైలు బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర వంటి విలువతో, పోల్చమంటారు. ముక్కలుగా వెళ్లిన ఫైలుకు ఆ పోలిక కుదరదు. నా 25 మెగాబైట్ల పేజీల ఈట్యాగ్‌లన్నీ ఒక అడ్డగీత, దాని తరువాత 4 అంకెతో ముగుస్తాయి. నాలుగు ముక్కల ఎండీ5లను కలిపి మళ్లీ తీసిన ఎండీ5 అది, ఫైలు ఎండీ5 కాదు. 2025 జనవరిలో వచ్చిన బోటో3 1.36 నుంచి లైబ్రరీ తానే సీఆర్‌సీ చెక్‌సమ్‌ను, అంటే బైట్లను సరిచూసుకునే సంఖ్యను, కట్టి పంపుతోంది కాబట్టి దారిలో బైటు చెడితే సర్వర్ తిరస్కరిస్తుంది. (ఎస్3 పద్ధతిని అనుసరించే ఇతర స్టోరేజీలు వాడేవారికి ఈ మార్పు తరువాత అప్‌లోడ్‌లు విఫలమైతే, ‘రిక్వెస్ట్_చెక్‌సమ్_కాలిక్యులేషన్’ అనే అమరికను అవసరమైనప్పుడు మాత్రమే అన్న విలువకు మార్చి చూడాలి.) ఇది ప్రయాణానికి భరోసా. పదేళ్ల తరువాత ఎవరో ఆ పేజీని దించుకున్నప్పుడు అది నేను స్కాన్ చేసినదే అని వారు రుజువు చేసుకోవాలంటే, ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్ఏ-256 అనే వేలిముద్ర విలువను నేనే లెక్కగట్టి ఆ జేసన్ జాబితాలో రాయాలి. అలాగే రాశాను.

తాళపు చెవుల గురించి, అంటే క్లౌడ్ ఖాతాలోకి వెళ్లనిచ్చే రహస్య సంకేతాల గురించి, ఎక్కువ చెప్పనవసరం లేదు; వాటిని స్క్రిప్ట్‌లో రాయకూడదు, బోటో3 వాటిని ఎన్విరాన్‌మెంట్ నుంచో, హోమ్ ఫోల్డర్‌లోని క్రెడెన్షియల్స్ ఫైలు నుంచో తానే తీసుకుంటుంది. అప్‌లోడ్ స్క్రిప్ట్‌కు తొలగించే అనుమతి ఇవ్వకపోతే డేటా క్షేమమని మాత్రం అనుకోవద్దు. పెట్టే అనుమతిలోనే ఉన్నదాని మీద రాసే అనుమతి కలిసి ఉంది, నా 214 ఆబ్జెక్టుల కథలో ఒక్కసారి కూడా తొలగింపు జరగలేదు. అందుకే రెండోసారి మొదలుపెట్టేముందు ఆ బకెట్‌కు వెర్షనింగ్ పెట్టాను.

కొత్త కీలతో మళ్లీ రెండు రాత్రులు నడిచింది. ఈసారి లెక్కను జాబితా అడిగే ఒక్క పిలుపుతో చూడలేదు. ‘లిస్ట్_ఆబ్జెక్ట్స్_వి2’ ఒకసారికి వెయ్యికి మించి ఇవ్వదు కనుక జాబితాను విడతలుగా చివరిదాకా తెచ్చే పేజినేటర్‌తో అన్నిటినీ తిప్పి, ప్రతి కీ పరిమాణాన్నీ డిస్కు మీది ఫైలుతో పోల్చాను. కొత్త కీలతో ఉన్న స్కాన్ పేజీలు 5,160 వచ్చాయి, వాటి పక్కన జాబితా ఫైలు, పాఠపు ఫైలు. తరువాత వ్యాకరణం పుస్తకపు 119వ పేజీని బకెట్ నుంచి దించి తెరిచాను. దాని ముందు 118వ పేజీ కూడా వ్యాకరణమే.