తమ్ముడి దేశ బహిష్కరణ కేసు: నా అనుభవం

అమెరికాలో గ్రీన్ కార్డు మీద పన్నెండేళ్ళుగా ఉంటున్న నా తమ్ముడు ఒక దొంగతనం కేసులో నేరం ఒప్పుకున్నాడు. చేసింది తప్పే, దాన్ని తక్కువ చేసి చెప్పను. న్యాయమూర్తి ఏడాది జైలు శిక్ష విధించి, దాని అమలును నిలిపివేయడంతో గండం గడిచిందనుకున్నాం. తరువాత పౌరసత్వానికి దరఖాస్తు చేస్తే, వేలిముద్రల పరిశీలనలో ఆ కేసు బయటికి వచ్చి, ఇమ్మిగ్రేషన్ కోర్టుకు హాజరు కావాలన్న నోటీసు అందింది. కొద్ది రోజులకే అతణ్ణి నిర్బంధ కేంద్రానికి తరలించారు.

'అగ్రవేటెడ్ ఫెలనీ', అంటే దేశ బహిష్కరణకు దారితీసే తీవ్ర నేరం, అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నాను. 1988లో చట్టంలోకి వచ్చినప్పుడు అది హత్య, మాదకద్రవ్యాల రవాణా, ఆయుధాల అక్రమ రవాణా వంటి నేరాలకే వర్తించేది. 1996 సవరణల తరువాత ఏడాది శిక్ష పడిన దొంగతనం కూడా అందులో చేరింది. ఆ శిక్షను ఒక్కరోజు అనుభవించకపోయినా లెక్కలోకి వస్తుంది. ఆ ముద్ర పడినవారికి బెయిలు దొరకదు, కుటుంబాన్నీ గడిపిన ఏళ్ళనూ చూసి ఉండనిచ్చే వీలు న్యాయమూర్తికి దాదాపు ఉండదు.

"నాకు పడాల్సిన శిక్ష అయిపోయిందనుకున్నానక్కా" అని తమ్ముడు అద్దం అవతలి నుంచి ఫోనులో అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వరు కాబట్టి అప్పు చేసి పెట్టుకున్నాం. నేరం ఒప్పుకునే ముందు, దానివల్ల దేశం విడిచి వెళ్ళాల్సి వస్తుందని ఎవరైనా చెప్పారా అన్నదే ఆ లాయరు అడిగిన మొదటి ప్రశ్న. ఎవరూ చెప్పలేదు. అలా చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని 2010లో పాడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఆధారంగా పాత కోర్టులోనే పిటిషన్ వేసి, నాటి విచారణ ప్రతిని పేజీ పేజీ చదివి, ఆ హెచ్చరిక ఎక్కడా లేదని చూపడానికి ఏడు నెలలు పట్టింది. పాత నేర నిర్ధారణ రద్దయింది. తమ్ముడు మళ్ళీ నేరం ఒప్పుకున్నాడు, ఈసారి ఆరు నెలల శిక్షకు. దానితో బహిష్కరణకు ఆధారం పోయి, ఇమ్మిగ్రేషన్ కోర్టు కేసును ముగించింది.

హత్యలు, అత్యాచారాలు చేసినవారిని శిక్ష పూర్తయ్యాక పంపివేయాలని నేను ముందూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అయితే నేరం ఎంత ఘోరమైనదో తేల్చవలసింది ఆ నేరాన్నీ మనిషినీ చూసే న్యాయమూర్తి. కాగితం మీది శిక్షాకాలం కాదు. తమ్ముడు చేసిన పని ఆరు నెలల శిక్షకూ ఏడాది శిక్షకూ ఒక్కటే కదా!

పౌరసత్వానికి మళ్ళీ దరఖాస్తు చేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. లాయరు చదవనిదే తమ్ముడు ఇప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టడం లేదు.